పెర్ల్‌లో ఫైల్ మోడ్ ఒక్కచోట చెబితే చాలదా? 14 చోట్లా రాయాలా?

అప్పడాల_అబ్బాయి
బరంపురంలో మాది అప్పడాలు, పచ్చళ్ల కొట్టు. పార్సిళ్లు సూరత్, విశాఖ, రాయగడ వరకు వెళ్తాయి. వాటి మీద అంటించే లేబుళ్లు మా మేనమామ 2009లో పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్ట్ తీస్తుంది. పేర్లు సగం తెలుగు, సగం ఒడియా. ఇన్నేళ్లలో అది కిక్కురుమన్నది లేదు.

పోయిన వారం నాకే చెయ్యి దురద పెట్టింది. కొత్త లేబుల్ రోల్ వెడల్పు తక్కువ. పేరు 20 అక్షరాలు దాటితే కత్తిరించమని సబ్‌స్ట్రింగ్ పెట్టాను. పేరు చివర నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకం వచ్చింది. కాలేజీ స్నేహితుడిని అడిగితే "పైన యూజ్ యూటీఎఫ్8 పెట్టెయ్, అంతే" అన్నాడు. పెట్టాను. ఇప్పుడు "పంపినవారు", "అందుకునేవారు" అనే హెడింగులు బాగున్నాయి, కస్టమర్ల పేర్లు మాత్రం పిచ్చి గీతలు. పైగా వరుసకోసారి "వైడ్ క్యారెక్టర్ ఇన్ ప్రింట్" అని సణుగుడు.

నెట్‌లో చూస్తే, ఫైల్ తెరిచే ప్రతి ఓపెన్ దగ్గరా దాన్ని ఏ ఎన్‌కోడింగ్‌లో తెరవాలో చెప్పే మోడ్ రాయమంటున్నారు. లెక్కపెట్టాను, 14 ఓపెన్‌లు ఉన్నాయి. ఒక్కచోట చెప్పి ఊరుకునే దారి లేదా? మామయ్య మస్కట్‌లో ఉన్నాడు. అడిగితే ముందు తిట్లు, తర్వాతే జవాబు.

కొరాపుట్_కాఫీ
పైథాన్‌కి మారిపో. సమస్య తీరిపోతుంది.

గుణుపురం_గుంట
కాఫీ అన్న ప్రతి ప్రశ్నకీ ఇదే జవాబు. మొన్న ఎవరో ప్రింటర్‌లో ఇంకు అయిపోయిందన్నా పైథాన్ అన్నాడు.

పాతకాపు_58
స్నేహితుడు తప్పు చెప్పలేదు, సగం చెప్పాడు. యూజ్ యూటీఎఫ్8 అంటే "ఈ స్క్రిప్ట్ ఫైల్ యూటీఎఫ్8లో టైప్ చేశాను" అని పెర్ల్‌కి చెప్పడం, అంతే. యూటీఎఫ్8 అంటే అన్ని లిపుల అక్షరాలనూ బైట్లుగా దాచే పద్ధతి. నువ్వు కోడ్‌లో కోట్స్ మధ్య రాసిన "పంపినవారు" ఇప్పుడు దానికి అక్షరాలుగా తెలుసు. ఆర్డర్ల ఫైల్ నుంచి చదివిన పేరు మాత్రం ఇంకా ఉత్త బైట్లే.

ఇంతకాలం రెండూ బైట్లే కాబట్టి గొడవ లేదు. పోస్ట్‌మాన్ కవరు విప్పకుండా ఇచ్చినట్టు, వచ్చింది వచ్చినట్టే బయటికి పోయేది. అందుకే మీ మామయ్య స్క్రిప్ట్ ఇన్నేళ్లు నడిచింది. ఇప్పుడు ఒకటి అక్షరాలు, ఒకటి బైట్లు. రెండింటినీ చుక్క పెట్టి కలిపినప్పుడు పెర్ల్ ఆ బైట్లను ఒక్కొక్కదాన్నీ లాటిన్-1 (బైటుకో అక్షరం ఉండే పాత యూరప్ పద్ధతి) అక్షరం అనుకుంటుంది. తెలుగులో ఒక్కో కోడ్‌పాయింట్‌కి (అక్షరమైనా, గుణింతపు గుర్తైనా విడిగా ఒకటి) 3 బైట్లు, అంటే 3 పిచ్చి అక్షరాలు. నీ పిచ్చి గీతలు అవే.

సబ్‌స్ట్రింగ్ సంగతీ అదే. అది 20 అక్షరాల దగ్గర కొయ్యలేదు, 20 బైట్ల దగ్గర కోసింది. పేరులో ఖాళీ లేకపోతే మూడేసి చొప్పున ఆరు పోగా రెండు బైట్లు మిగిలాయి. ఆ రెండు బైట్ల ముక్కే నీ డైమండ్.

ఒక్కచోట చెప్పే దారి ఉంది. ఫోన్‌లో ఉన్నా, కోడ్ పలికినట్టే రాస్తున్నా. స్క్రిప్ట్ మొదట్లో:

యూజ్ ఓపెన్ ':ఎస్‌టీడీ', ':ఎన్‌కోడింగ్(యూటీఎఫ్-8)';

దీని తర్వాత ఆ ఫైల్లో మోడ్ రాయని ప్రతి ఓపెన్‌కీ చదివేటప్పుడు డీకోడ్ (బైట్లు అక్షరాలవడం), రాసేటప్పుడు ఎన్‌కోడ్ (అక్షరాలు బైట్లవడం) దానంతట అదే జరుగుతుంది. మొదటి ముక్క, ఎస్‌టీడీ, స్క్రీన్ కోసం. అది వదిలేస్తే కొత్తగా తెరిచే ఫైళ్లకే పట్టి, ముందే తెరిచి ఉన్న స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్‌లకు పట్టదు. చాలామంది జారేది అక్కడే.

సిరొంచ_శీను
అంత అక్కర్లేదు. ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే స్క్రిప్ట్ బయటి సెట్టింగుల్లో, పెర్ల్ యూనికోడ్ అనే వేరియబుల్ ఉంది, అన్నీ క్యాపిటల్స్, మధ్యలో అండర్‌స్కోర్. దానికి ఎస్‌డీఏ అని విలువ ఇవ్వు. ఎస్ అంటే స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్ మూడూ, డీ అంటే ఫైళ్లు, ఏ అంటే కమాండ్ లైన్‌లో ఇచ్చే మాటలు. స్క్రిప్ట్ ముట్టుకోనక్కర్లేదు, మామయ్యకి తెలియనక్కర్లేదు. నేను మరాఠీ, తెలుగు కలిసిన జాబితాలతో నాలుగేళ్లుగా అలాగే నెట్టుకొస్తున్నా.

అప్పడాల_అబ్బాయి
మామయ్యకి తెలియనక్కర్లేదు అన్నది నచ్చింది. ముందు శీనన్న చెప్పింది చూస్తా.

పర్లాకిమిడి_పద్మ
ఆగు తమ్ముడూ. నేను అలా చేసి దెబ్బతిన్నాను.

మాది కొమ్ము బొమ్మల వ్యాపారం. కేటలాగ్ ఫోటోలు సర్వర్ నుంచి దింపి ఫోల్డర్‌లో పెట్టే చిన్న స్క్రిప్ట్ ఉండేది. ధరల పట్టికలో తెలుగు సరిగ్గా రావాలని శీను గారు చెప్పిన వేరియబులే పెట్టాను. తెలుగు వచ్చింది. ఫోటోలు ఒక్కటీ తెరుచుకోలేదు. 2 ఎంబీ ఉండాల్సిన ఫోటో 3 ఎంబీ చూపిస్తోంది. ఫోటో ఎలా లావెక్కుతుందో అర్థం కాక హార్డ్ డిస్క్ పోయిందనుకుని కొత్తది కొనేశాను కూడా.

డిఫాల్ట్ అంటే అన్నిటికీ డిఫాల్టే కదా. ఫోటోలోని బైట్లనూ అక్షరాలనుకుని ఎన్‌కోడ్ చేసింది. 127 దాటిన ప్రతి బైటూ రెండు బైట్లయింది. ఫోటోలో సుమారు సగం బైట్లు అలాంటివే, అందుకే ఒకటిన్నర రెట్లు.

గుణుపురం_గుంట
మా ఇంట్లో పండగ తర్వాత అందరి ఫోటోలూ ఒకటిన్నర రెట్లు అవుతాయి అక్కా, అది పెర్ల్ తప్పు కాదు.

సిరొంచ_శీను
పద్మ గారూ, అది వేరియబుల్ తప్పు కాదు. ఫోటో రాసే హ్యాండిల్‌కి బిన్‌మోడ్ (బైట్లను మార్చకు అని చెప్పేది) పెట్టాల్సింది. విండోస్‌లో అయితే ఎప్పుడూ పెట్టాలి, లేకపోతే వరుస చివరి బైటు దగ్గర ఇంకోటి దూరుతుంది. మీరు పెట్టలేదు, లైనక్స్ ఇన్నాళ్లూ మిమ్మల్ని క్షమించింది.

పర్లాకిమిడి_పద్మ
ఒప్పుకుంటా. కానీ నడుస్తున్న స్క్రిప్ట్‌ని ముట్టుకోకుండా, బయట ఎక్కడో పెట్టిన సెట్టింగ్ పాడుచేసింది చూశారా, నా గోల అది. ఆ వేరియబుల్ నేను పెట్టింది ధరల పట్టిక కోసం. అది ఫోటోల స్క్రిప్ట్ మీద పడింది. ఇల్లంతటికీ ఒకే మెయిన్ స్విచ్ పెట్టుకున్నట్టు.

అప్పడాల_అబ్బాయి
పెట్టి చూశా. చేత్తో నడిపితే లేబుళ్లు ముత్యాల్లా వచ్చాయి! శీనన్నకి జై.

అప్పడాల_అబ్బాయి
జై వాపసు. తెల్లవారుజామున 5కి క్రాన్‌లో (టైముకి పనిని తనే నడిపేది) నడిచినవి మళ్లీ పిచ్చి గీతలే. అదే స్క్రిప్ట్, అదే ఫైల్, అదే మెషీన్. 60 లేబుళ్లు, రోల్ దండగ.

పాతకాపు_58
వేరియబుల్ ఎక్కడ పెట్టావు? టెర్మినల్ తెరిస్తే చదివే సెట్టింగుల ఫైల్, బాష్ ఆర్‌సీలోనా?

అప్పడాల_అబ్బాయి
అవును.

పాతకాపు_58
క్రాన్ దాన్ని చదవదు. క్రాన్ పని మొదలుపెట్టేటప్పుడు ఎన్విరాన్‌మెంట్ దాదాపు ఖాళీగా ఉంటుంది. నీ లాగిన్‌లో ఉన్న సామాను ఏదీ వెంట రాదు. క్రాన్ పనుల పట్టిక, క్రాన్‌టాబ్ పైన విడిగా రాసుకోవచ్చు. రేపు కొట్టులో ఇంకో అబ్బాయి తన లాగిన్‌లో నడిపితే మళ్లీ ఇదే కథ. స్క్రిప్ట్‌కి ఏం కావాలో స్క్రిప్ట్‌లోనే ఉండాలి.

స్క్రిప్ట్ మొట్టమొదటి వరుస, షెబాంగ్‌లో, ఆ వేరియబుల్ పనే చేసే డాష్ క్యాపిటల్ సీ ఎస్‌డీ పెడదామని కూడా చూడకు. పెర్ల్ 5.10.1 నుంచి అది కమాండ్ లైన్‌లోనూ అలాగే ఉంటే తప్ప ఒప్పుకోదు. "టూ లేట్" అని మొహం మీదే చెబుతుంది.

కొరాపుట్_కాఫీ
చూశారా, ఇన్ని తిప్పలు. పైథాన్‌లో ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ ఈక్వల్స్ అని రాస్తే చాలు.

దెగ్లూరు_దేవ్
కాఫీ గారూ, మీరు చెప్పింది "ప్రతి ఓపెన్ దగ్గరా రాయి" అనే కదా. అబ్బాయి అడిగింది రాయకుండా ఎలా అని. పైథాన్‌లో అది రాయకపోతే ఏమవుతుందో నా దగ్గర అడగండి. నాందేడ్ వైపు ఒక ఆఫీసులో విండోస్ మెషీన్ మీద తెలుగు పేర్లు రాయబోతే "చార్‌మ్యాప్ కోడెక్" అంటూ అక్కడే కూలిపోయింది. విండోస్‌లో డిఫాల్ట్ ఆ మెషీన్ కోడ్‌పేజీ (అక్షరాల పట్టిక), మనకి ఎక్కువగా 1252. అందులో తెలుగు లేదు, మరాఠీ లేదు. నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో మాత్రం హాయిగా నడిచింది. నేను ఇంటికొచ్చేశాక వాళ్లు ఫోన్.

3.7 నుంచి పైథాన్ యూటీఎఫ్8 అనే వేరియబుల్‌కి 1 ఇస్తే డిఫాల్ట్ మారుతుంది. అంటే శీను గారి పద్ధతే, అవే ఇబ్బందులు. 3.10లో ఎన్‌కోడింగ్ రాయని ఓపెన్ దొరికితే హెచ్చరించే ఆప్షన్ కూడా ఇచ్చారు. 3.15 నుంచి ఎక్కడైనా యూటీఎఫ్8 డిఫాల్ట్. అంటే వాళ్లకీ ఇదే నొప్పి, ఆ డిఫాల్ట్ మార్చడానికి ఇన్నేళ్లు పట్టింది.

కొరాపుట్_కాఫీ
సరే, నేను కాఫీ తాగొస్తా.

పాతకాపు_58
దేవ్ గారు చెప్పినదానికి ఒక పాత కథ. డిఫాల్ట్‌ని తెలివిగా చేద్దామని పెర్ల్ వాళ్లూ ఒకసారి చూశారు. 2002లో 5.8.0 వచ్చినప్పుడు, మెషీన్ లొకేల్ (భాష, లిపి సెట్టింగ్) యూటీఎఫ్8 అయితే అన్ని ఫైళ్లనూ యూటీఎఫ్8గానే తెరిచేది, అడక్కుండానే. అదే ఏడాది రెడ్ హ్యాట్ లైనక్స్ 8.0 లొకేల్‌ని యూటీఎఫ్8 చేసేసింది. బొమ్మలు, జిప్పులు, బైనరీ ఫైళ్లు చదివే స్క్రిప్టులు ఎక్కడివక్కడ గొల్లుమన్నాయి. 2003లో 5.8.1తో ఆ తెలివి తీసేసి, కావాలంటే నువ్వే అడుగు అని డాష్ సీ, ఆ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇచ్చారు. పద్మమ్మ ఫోటోల కథ ఆ రోజుల్లో ఊరూరా జరిగింది. నా పేరు చివర 58 వయసు కాదు, ఆ గాయం.

గుణుపురం_గుంట
మేమంతా వయసే అనుకున్నాం బాబాయ్.

పాతకాపు_58
వయసు 61.

అప్పడాల_అబ్బాయి
సరే, వేరియబుల్ తీసేశా. పాతకాపు గారి వరుస స్క్రిప్ట్ పైన పెట్టా. స్క్రీన్ మీద బంగారం. లేబుల్ ఫైల్లో మాత్రం పాత రోగమే, వైడ్ క్యారెక్టర్ సణుగుడుతో సహా. ఒకే స్క్రిప్ట్‌లో ఒక దానికి పట్టి ఇంకోదానికి పట్టకపోవడం ఏటి?

పాతకాపు_58
లేబుల్ ఫైల్ తెరిచే ఓపెన్ అదే ఫైల్లో ఉందా?

అప్పడాల_అబ్బాయి
లేదు. మామయ్య లేబుల్ డాట్ పీఎం అని వేరే ఫైల్ పెట్టుకున్నాడు, అందులో ఉంది. యూజ్ చేసి లాక్కొస్తాడు.

పాతకాపు_58
దొరికింది. యూజ్ ఓపెన్ పరిధి లెక్సికల్. రాసిన ఫైల్‌కి, కర్లీ బ్రాకెట్లలో రాస్తే ఆ బ్రాకెట్ల వరకే. నువ్వు పిలిచే మాడ్యూల్‌లోకి వెళ్లదు. మాడ్యూల్ పైన కూడా అదే వరుస రాయి, ఎస్‌టీడీ ముక్క తీసేసి. ఎస్‌టీడీ మాత్రం ప్రోగ్రామ్ మొత్తానికి పడుతుంది కాబట్టి ప్రధాన ఫైల్లో ఒక్కసారి చాలు.

చాలామంది దీన్ని లోపం అంటారు. నేను వరం అంటాను. లేకపోతే నీ వరుస వల్ల ఎవరిదో జిప్ మాడ్యూల్ చచ్చేది.

సిరొంచ_శీను
అంటే ఒక్కచోట కాదు, రెండు చోట్ల. రేపు మూడో ఫైల్ వస్తే మూడు చోట్ల. అదేదో 14 చోట్లా రాసేస్తే ఎవరు చదివినా ఏ ఫైల్ ఏ మోడ్‌లో తెరుచుకుంటుందో అక్కడే కనిపిస్తుంది కదా? డిఫాల్ట్ అంటే కంటికి కనబడని మాట. నా వేరియబుల్ పద్ధతి తప్పని ఒప్పుకుంటున్నా, కానీ అటు నుంచి ఇటు దూకితే ఈ కొసకే దూకాలి.

పాతకాపు_58
శీనూ, 14లో 13 ఒకే రకం అయినప్పుడు 13 సార్లు రాస్తే తేడా ఉన్న ఆ ఒక్కటి కంటికి ఆనదు. మామూలుగా ఉన్నది పైన ఒకసారి చెప్పు, తేడాగా ఉన్నదాని దగ్గర తేడా రాయి. ఓపెన్ దగ్గర మోడ్‌లో లేయర్ (ఎన్‌కోడింగ్ చెప్పే ముక్క) రాస్తే అదే చెల్లుతుంది, పైన చెప్పిన డిఫాల్ట్ అక్కడ పక్కకు తప్పుకుంటుంది. పద్మమ్మ ఫోటోకి మోడ్‌లో ':రా' (ఇంగ్లీషు రా, అంటే బైట్లు ఉన్నవి ఉన్నట్టే) అని రాస్తే సరిపోయేది.

సిరొంచ_శీను
పదమూడూ ఒకే రకం అని మీకెలా తెలుసు? మీరు ఆ స్క్రిప్ట్ చూడలేదు.

పాతకాపు_58
అదీ నిజమే.

అప్పడాల_అబ్బాయి
మాడ్యూల్‌లో కూడా పెట్టా. లేబుళ్లు వచ్చాయి, క్రాన్‌లోనూ వచ్చాయి. కానీ శీనన్న నోటి చలవో ఏమో, పదమూడూ ఒకే రకం కాదని తేలింది. రెండు కొత్త తద్దినాలు.

ఒకటి: కొట్టులో విండోస్ మెషీన్ నుంచి వచ్చే ఆర్డర్ ఫైళ్లకు "పిన్‌కోడ్ 6 అంకెలు లేదు" అని స్క్రిప్ట్ తిడుతోంది. తెరిచి చూస్తే 760001 అని చక్కగా ఆరంకెలే ఉన్నాయి.

రెండు: కొరియర్ వాళ్లకు పంపే జేసన్ (ప్రోగ్రాములు సమాచారం ఇచ్చిపుచ్చుకునే రూపం) ఫైల్ నిన్నటి దాకా బాగుండేది. ఇప్పుడు అది పాడైంది! మిగతావన్నీ బాగుపడి అది ఒక్కటీ చెడింది.

పర్లాకిమిడి_పద్మ
మొదటిది నేను చెప్తా. పిన్‌కోడ్ పొడవు ప్రింట్ చేసి చూడు, 7 వస్తుంది. విండోస్ ఫైల్లో వరుస చివర రెండు గుర్తులుంటాయి, లైనక్స్‌లో వరుస చివరి గుర్తు తీసే చాంప్ వాటిలో ఒక్కదాన్నే తీస్తుంది. మిగిలిన క్యారేజ్ రిటర్న్ చివరి కాలమ్‌కి అతుక్కుంటుంది. కంటికి కనబడదు. అద్దె ఇవ్వని బంధువు లాంటిది.

అప్పడాల_అబ్బాయి
7 వచ్చింది. అక్కా దండాలు.

పాతకాపు_58
దీనికి యూజ్ ఓపెన్‌లోనే దారి ఉంది, చాలామంది వాడరు. చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి విడిగా చెప్పొచ్చు. ఐఎన్ అని రాసి బాణం గుర్తు, దాని తర్వాత ':ఎన్‌కోడింగ్(యూటీఎఫ్-8):సీఆర్ఎల్ఎఫ్'. ఓయూటీ అని రాసి బాణం, దాని తర్వాత ఉత్త ఎన్‌కోడింగ్. వచ్చేటప్పుడు విండోస్ వరుసలు లైనక్స్ వరుసలవుతాయి, పోయేటప్పుడు లైనక్స్‌గానే పోతాయి. లైనక్స్ నుంచి వచ్చిన ఫైళ్లకూ దీనివల్ల నష్టం లేదు.

సిరొంచ_శీను
లేదా చాంప్ తీసేసి, చివర వెనక గీత (బ్యాక్‌స్లాష్) క్యాపిటల్ ఆర్‌ని రెజెక్స్‌తో (నమూనాతో వెతికి మార్చేది) తుడిచెయ్. 5.10 నుంచి ఉంది. ఏ రకం వరుస చివరైనా పోతుంది. పైన ఏం రాసి ఉందో గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

దెగ్లూరు_దేవ్
ఎక్సెల్ నుంచి తీస్తుంటే ఇంకొకటి చూసుకో. "సీఎస్‌వీ యూటీఎఫ్8" అని సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో బీఓఎం అనే 3 బైట్ల తోక పెడుతుంది. పెర్ల్ దాన్ని తనంతట తాను తీయదు. మొదటి కాలమ్ పేరు ఎంతకీ సరిపోలకపోతే కారణం అదే. ఉత్త "సీఎస్‌వీ" అని సేవ్ చేస్తే ఇంకా ఘోరం, తెలుగంతా ప్రశ్నార్థకాలై కూర్చుంటుంది, మళ్లీ రాదు. "యూనికోడ్ టెక్స్ట్" అంటే యూటీఎఫ్16, నీ డిఫాల్ట్ దాన్ని చూసి మూర్ఛపోతుంది.

అప్పడాల_అబ్బాయి
తోక ఉంది! మొదటి కాలమ్ "ఆర్డర్ నం." ఎప్పుడూ ఖాళీగా వస్తుంటే మామయ్య కాలమ్ పేరు వాడకుండా సున్నా నంబరు వేసి లాగించాడు. ఇప్పుడు అర్థమైంది.

డీటీపీ_దాసు
నాది కొంచెం పక్క ప్రశ్న. ఇచ్ఛాపురంలో డీటీపీ షాపు. పెళ్లి కార్డుల పాత ఫైళ్లు వెయ్యికి పైగా ఉన్నాయి, అన్నీ అను ఫాంట్‌లో. ఈ వరుస పైన పెడితే అవి కూడా తెలుగులోకి వస్తాయా?

పాతకాపు_58
రావు దాసు గారూ. అందులో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగు బొమ్మలు తొడుక్కున్న వేరే కోడ్లు. ఫాంట్ విప్పితే లోపల ఇంగ్లీషు, గుర్తులు. ఏ లేయరూ వాటిని తెలుగు చేయలేదు. వాటికి విడిగా కన్వర్టర్ కావాలి. మార్చాక కూడా ఒత్తులు, సున్నలు కంటితో చూసుకోవాలి, పెళ్లికూతురి పేరు మారితే మీకే టెన్షన్.

డీటీపీ_దాసు
ఒకసారి మారింది. ఆ కథ ఇక్కడ చెప్పను.

గుణుపురం_గుంట
చెప్పాల్సిందే. అప్పడాలు ఆగుతాయి.

మోడరేటర్_మాస్టారు
ఆగవు. పెళ్లి కార్డు కథకు వేరే చర్చ పెట్టండి దాసు గారూ, నేనూ చదువుతా. అబ్బాయి జేసన్ సంగతి తేల్చండి.

పర్లాకిమిడి_పద్మ
జేసన్ ఫైల్ సైజు ఎంత ఉంది, పాతది ఎంత?

అప్పడాల_అబ్బాయి
అవే ఆర్డర్లకి నిన్న 21 కేబీ, ఇవాళ 37 కేబీ.

పర్లాకిమిడి_పద్మ
లావెక్కింది. మళ్లీ నా జబ్బే. ఎవరో రెండుసార్లు ఎన్‌కోడ్ చేస్తున్నారు. 3 బైట్ల అక్షరం 6 బైట్లయింది. అంకెలు, కామాలు, కోట్స్ మాత్రం అలాగే ఉంటాయి కాబట్టి సరిగ్గా రెట్టింపు కాలేదు.

దెగ్లూరు_దేవ్
ఫైల్ తెరిస్తే నెత్తి మీద గీటున్న చిన్న 'ఏ', పక్కన డిగ్రీ గుర్తు కనిపిస్తున్నాయా? ° ఇలా? మధ్యమధ్యలో ± కూడా?

అప్పడాల_అబ్బాయి
అవును! కొన్నిచోట్ల ¬ ఇలాంటి వంకర గీత కూడా ఉంది. మీకెలా తెలుసు?

దెగ్లూరు_దేవ్
ఆ వంకర గీత ఉన్నవి మీ ఒడియా కస్టమర్లు. లెక్క ఏమిటంటే, ఈ మూడు లిపులూ యూటీఎఫ్8లో ఒకే మొదటి బైటుతో మొదలవుతాయి, అదే గీటున్న 'ఏ'. లిపి ఏదో చెప్పేది రెండో బైటు. తెలుగుకి అది ° లేదా ±, ఒడియాకి ఎక్కువగా ¬, దేవనాగరికి ¤ లేదా ¥. ఇరవై ఏళ్లుగా చూసి చూసి ఇప్పుడు నేను ఈ చెత్తను చూసే ఇది మరాఠీ, ఇది తెలుగు అని చెప్పేస్తాను. ఇంట్లో వాళ్లు దీన్ని విద్యగా ఒప్పుకోవడం లేదు.

గుణుపురం_గుంట
మరాఠీ చెడిపోతే యెన్ గుర్తు వస్తుందా? తెలుగు చెడిపోతే డిగ్రీ, మరాఠీ చెడిపోతే జపాన్ డబ్బు. మనకి డిగ్రీలే మిగిలాయన్నమాట.

సిరొంచ_శీను
జేసన్ ఎలా తయారుచేస్తున్నాడో చూడు. ఎన్‌కోడ్ అండర్‌స్కోర్ జేసన్ అనే ఫంక్షన్ వాడాడా?

అప్పడాల_అబ్బాయి
అదే.

సిరొంచ_శీను
అయితే నేరస్థుడు అదే. ఆ ఫంక్షన్ ఇచ్చేది అక్షరాలు కాదు, యూటీఎఫ్8గా మార్చేసిన బైట్లు. వాటిని నువ్వు పైన డిఫాల్ట్ పెట్టిన ఓపెన్‌లోకి ప్రింట్ చేస్తే అది మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. ఉడికిన అన్నాన్ని మళ్లీ కుక్కర్లో పెట్టినట్టు. రెండు దారులు. ఆ ఒక్క ఓపెన్‌కి ':రా' పెట్టు. లేదా జేసన్ ఆబ్జెక్ట్‌లో యూటీఎఫ్8 ఆప్షన్ సున్నా చేసి అక్షరాలే తీసుకుని మామూలు ఓపెన్‌లో రాయి. రెండూ కలిపి చేయకు, వైడ్ క్యారెక్టర్ గారు తిరిగొస్తారు.

పాతకాపు గారికి గౌరవంతోనే, నా మాట నెగ్గిందని ఇక్కడ నమోదు చేసుకోండి.

పాతకాపు_58
నెగ్గలేదు నాయనా. డిఫాల్ట్ ఉంది, తేడా ఉన్న ఒక్కటి దగ్గర ':రా' అని తేడా రాసింది నువ్వే. నేను చెప్పిందీ అదే.

సిరొంచ_శీను
అప్పటిదాకా బాగున్న ఆ ఫైల్‌ని పాడుచేసింది మీ డిఫాల్టే.

పర్లాకిమిడి_పద్మ
ఇద్దరూ ఒకే ఊళ్లో లేకపోవడం మంచిదైంది.

అప్పడాల_అబ్బాయి
':రా' పెట్టా. 21 కేబీకి దిగింది. కొరియర్ సైట్ తీసుకుంది. ఇద్దరికీ చెరో కేజీ మినప అప్పడాలు.

ఇంకొక్కటి అడిగి వదిలేస్తా. ఇప్పుడు సబ్‌స్ట్రింగ్ అక్షరాలే లెక్కపెడుతోంది కదా, అయినా కాలమ్‌లు వంకరగానే ఉన్నాయి. ఒక పేరు "శ్" దగ్గర తెగి వేలాడుతోంది.

పాతకాపు_58
అది ఫైల్ మోడ్ పని కాదు. "బరంపురం" తీసుకో. బైట్లు 21. డీకోడ్ చేశాక పెర్ల్ లెక్క 7, ఎందుకంటే కొమ్మునీ, రెండు సున్నలనీ విడివిడిగా లెక్కేస్తుంది. మనిషి లెక్క బ, రం, పు, రం, అంటే 4. నీకు కావాల్సింది మూడోది. సబ్‌స్ట్రింగ్ మానేసి రెజెక్స్‌లో వెనక గీత క్యాపిటల్ ఎక్స్ వాడు, దానికి గుణింతంతో కలిపి ఒక అక్షరం. అది బైట్ల మీద నడవదు, డీకోడ్ అయిన మాట మీదే. అంటే ఇంతసేపు చేసిందంతా దానికి పునాది.

ఒత్తుల దగ్గర మాత్రం పాత పెర్ల్ "శ్రీ"ని శ్, రీ అని రెండుగా విరుస్తుంది. ఒత్తులనూ కలిపి ఒక్కటిగా చూడాలనే నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1తో వచ్చింది. నీ మెషీన్‌లో పాతదే ఉంటే, ముక్క పొల్లుతో ముగిసినప్పుడు ఇంకో ముక్క కలుపుకునేలా రాసుకో.

దెగ్లూరు_దేవ్
కాలమ్‌లు ఎంత చేసినా తెలుగులో ఖాళీలతో సమంగా రావు. క్ష వెడల్పు, ర వెడల్పు ఒకటి కాదు. లేబుల్ ప్రింటర్‌కి ట్యాబ్ స్థానం చెప్పగలిగితే అదే మేలు. లేకపోతే పేరుని ఒక వరుసలో, చిరునామాని కింద వరుసలో పెట్టు.

అప్పడాల_అబ్బాయి
కింద వరుసలో పెట్టేశా. కత్తిరించడమే అక్కర్లేకపోయింది! అంటే మొదటి రోజే ఇలా చేసి ఉంటే స్క్రిప్ట్ ముట్టుకునే పనే ఉండేది కాదు.

గుణుపురం_గుంట
ఇప్పుడు చెప్తున్నాడు చూడు.

అప్పడాల_అబ్బాయి
మామయ్యకి ఫోన్ చేసి నిజం చెప్పేశా. తిట్టలేదు. "జేసన్ ఓపెన్ పైన కామెంట్ చదవలేదా" అన్నాడు. వెళ్లి చూశా. 2014 తేదీ వేసి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "ఇది ముందే ఉడికింది, మళ్లీ ఉడకబెట్టకు."

సిరొంచ_శీను
మీ మామయ్య మా జట్టు.

పాతకాపు_58
తేడా ఉన్నచోట రాశాడు. మా జట్టు.

రాయగడ_రాంబాబు
ఇప్పుడే చూశా బ్రో. పైన యూజ్ యూటీఎఫ్8 అని పెట్టు, సెట్ అయిపోతుంది.

పర్లాకిమిడి_పద్మ
రాంబాబు గారూ, మొదటి పోస్ట్ రెండో పేరా.